చేతి దిద్దుబాటుకు మూసిన దస్త్రాలు: పహాణీ నుంచి కాన్ఫిగరేషన్ ఫైలు దాకా

కంప్యూటర్‌లో కొన్ని ఫైళ్లు మనిషి రాసేవి, కొన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకునేవి. రెండో రకాన్ని మనిషి తెరిచి దిద్దితే ఆ దిద్దుబాటు ఎక్కువ కాలం నిలవదు. సాఫ్ట్‌వేర్ మళ్లీ నడిచినప్పుడు తన దగ్గరున్న లెక్క ప్రకారం ఫైలును తిరిగి రాసేస్తుంది. ఒకవేళ నిలిచినా, మార్పు జరిగిన సంగతి వ్యవస్థలో ఇంకెవరికీ తెలియదు కాబట్టి మరోచోట తేడా వస్తుంది. ఇలాంటి ఫైళ్లను చేత్తో ముట్టుకోవద్దని వాడుకరులకు చెప్పడం సిస్టమ్ నిర్వహణలో పాత ఆచారం. ఫైలు మొదట్లో హెచ్చరిక రాయడం, ప్రత్యేకమైన ఎడిటర్ ద్వారానే తెరవనివ్వడం, సొంత మార్పులకు వేరే చోటు చూపించడం, చివరికి రాసే అనుమతినే తీసేయడం: ఇలా రకరకాల పద్ధతులు పుట్టాయి.

తెలంగాణలో ఇదే చిక్కు సర్వర్ గదులు దాటి పొలం గట్ల దాకా వచ్చింది. గ్రామోద్యోగి అయిన పట్వారీ కలంతో రాసిన భూమి రికార్డు, పహాణీ, మెల్లగా కంప్యూటర్‌కు ఎక్కింది. 2020 తర్వాత సాఫ్ట్‌వేర్ తప్ప మరెవరూ రాయలేని రికార్డుగా మారింది. ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో భాగమై, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రంగా ఉన్న కల్వకుర్తి ప్రాంతం ఈ మార్పునంతా చూసింది. ఈ వ్యాసం రెండు చరిత్రలనూ కలిపి చెబుతుంది. సెట్టింగులు దాచే కాన్ఫిగరేషన్ ఫైళ్ల దగ్గర ప్రోగ్రామర్లు దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం ఒకటుంది. చేతి దిద్దుబాటును ఆపాలంటే ముందు చెయ్యి రాయదగిన చోటేదో చూపించాలి. భూమి రికార్డుల విషయంలో ఆ పని చాలా ఆలస్యంగా జరిగింది.

పహాణీలో రెండు గడులు

నిజాం కాలపు సర్వే సెటిల్‌మెంట్‌లో తయారైన సేత్వార్ తెలంగాణ భూములకు మూల దస్త్రం. 1358 ఫసలీ నాటి, అంటే 1948–49 నాటి, హైదరాబాద్ భూ హక్కుల రికార్డు రెగ్యులేషన్ కింద తర్వాత ఊరూరా విచారణ జరిపి, 1954–55లో ఖాస్రా పహాణీ రాశారు. 1955–58 సంవత్సరాలకు చెసాల పహాణీ, ఆ పైన ఏటేటా ఒక పహాణీ. ఇప్పటికీ భూమి తగాదా తహసీల్దారు ముందుకు వస్తే ఖాస్రాలో ఎవరి పేరుందన్నదే తొలి ప్రశ్న. నకలు కోసం తిరిగిన రైతులకు ఈ పేర్లన్నీ కంఠతా వస్తాయి.

పహాణీ పుట అడ్డంగా గడులు గీసిన పెద్ద కాగితం. సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాల్లోనూ గుంటల్లోనూ, శిస్తు, నీటి వనరు, పంట, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు వరుసగా ఉంటాయి. వీటిలో చివరి రెండు గడుల స్వభావం వేరువేరు. పట్టాదారు పేరు మారాలంటే పైనుంచి ఆర్డరు రావాలి. విరాసత్ అయినా, అమ్మకమైనా, భాగపంపకమైనా మ్యుటేషన్ మంజూరై, ఆ ఆర్డరు నంబరు, తేదీ పక్కన ఎక్కాలి. అనుభవదారు గడి అలా కాదు. అజ్మాయిషీకి పొలం మీదికి వెళ్లినప్పుడు మోకా మీద ఎవరు దున్నుతున్నారో చూసి రాయాల్సిన గడి అది. అంటే ఒకే పుటలో ఒక గడి చేతికి మూసి ఉంది, పక్క గడి చేతి కోసమే తెరిచి ఉంది. హక్కు ఒకరిదీ సాగు ఇంకొకరిదీ అయినప్పుడు ఆ తేడాను దాచకుండా చూపించే ఏర్పాటు ఇది. కౌలుదారులు, తెల్లకాగితం మీద కొనుక్కున్నవాళ్లు, అన్నదమ్ముల వాటా ఇంకా తెగనివాళ్లు కాగితంలో కనిపించింది ఈ గడిలోనే.

దీని చెడు కూడా అందరికీ తెలుసు. ఏటా కొత్త పహాణీని పాతదాన్ని చూసి రాయాలి. ఆ రాతలో ఒక పేరు జారిపోవచ్చు, గుంటలు పెరగవచ్చు, ఎవరో చేయి తడిపితే ఇంకో పేరు చేరవచ్చు. ఆర్డరు నంబరు లేకుండా కొట్టేసి రాసిన పేర్లు, సిరా మారిన అంకెలు కోర్టు కేసుల్లో తరచూ చర్చకు వచ్చేవే. పుస్తకం పట్వారీ ఇంట్లో ఉండేది, రెండో నకలు తాలూకా కచేరీలో. రెండూ సరిపోలకపోతే ఏది నిజమో తేల్చడానికి తరాలు పట్టేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ పదవులను రద్దు చేయడానికి కారణాల్లో కలం మీద ఒక్క కుటుంబానికే ఉన్న ఈ పెత్తనం ముఖ్యమైనది. తర్వాత వేర్వేరు పేర్లతో గ్రామోద్యోగులు వచ్చారు. చివరి పేరు వీఆర్వో. కలం చేతులు మారింది, పద్ధతి మారలేదు.

ఈటీసీ డైరెక్టరీలో తగవు

యూనిక్స్ వ్యవస్థలో సెట్టింగులు చాలావరకు ఈటీసీ అనే డైరెక్టరీలో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి. చాలావాటిని ఎవరైనా తెరిచి చదవచ్చు, అధికారం ఉన్నవాళ్లు దిద్దవచ్చు. 1970ల్లో ఒక యంత్రానికి ఒక నిర్వాహకుడు ఉండే రోజుల్లో ఇది హాయిగా నడిచింది. ఏ ఫైల్లో ఏముందో ఆయనకు తెలుసు, మార్చిందీ ఆయనే.

తగవు మొదలైంది ఆ ఫైళ్లకు రెండో రచయిత వచ్చాక. ఇన్‌స్టాలర్లు, మెనూలతో సెట్టింగులు మార్చే కార్యక్రమాలు, నెట్‌వర్క్‌ను తమంతట తాము అమర్చే సేవలు అదే ఫైళ్లలో రాయడం మొదలుపెట్టాయి. మనిషి పొద్దున ఒకటి రాస్తే, రాత్రి సాఫ్ట్‌వేర్ ఇంకోటి రాస్తుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మైక్రోసాఫ్ట్ దీనికి వేరే జవాబు చెప్పింది. 1992లో విండోస్ 3.1తో వచ్చి, విండోస్ 95తో విస్తరించిన రిజిస్ట్రీలో సెట్టింగులను టెక్స్ట్ ఫైలుగా కాకుండా డేటాబేస్‌గా దాచింది. రిజిస్ట్రీని తప్పుగా దిద్దితే విండోస్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చని ఆ సంస్థ సహాయ పత్రాలు ఏళ్ల తరబడి హెచ్చరిస్తూ వచ్చాయి. అయినా జనం దిద్దడం మానలేదు, ఎందుకంటే కొన్ని మార్పులకు అది తప్ప వేరే దారి ఉండేది కాదు.

లినక్స్‌లో అందరికీ అనుభవమైన ఉదాహరణ రిజాల్వ్ డాట్ కాన్ఫ్. వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చడానికి ఏ సర్వరును అడగాలో చెప్పే చిన్న ఫైలు అది, అసలు సమాచారం రెండు మూడు లైన్లు మించదు. ఇంటర్నెట్ పేజీలు తెరుచుకోకపోతే ఎవరో ఒకరు ఈ ఫైలు తెరిచి నేమ్‌సర్వర్ లైను మార్చమంటారు. మార్చగానే పని చేస్తుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టగానే, లేదా వైఫై ఒకసారి తెగి కలవగానే, పాత లైను తిరిగి వచ్చేస్తుంది. నెట్‌వర్క్ మేనేజరో, సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీయో ఆ ఫైలును మళ్లీ రాసి ఉంటుంది. ఈ ఫైలు ఫలానా సేవ నిర్వహణలో ఉంది, దిద్దవద్దు అని దాని మొదటి లైన్లలోనే రాసి ఉంటుంది. హడావుడిలో ఉన్నవాడు ఆ లైన్లు చదవడు. విసిగిపోయిన కొందరు ఇంకో అడుగు ముందుకేసి, చాటర్ అనే ఆదేశంతో ఆ ఫైలును ఎవరూ మార్చలేనిదిగా బిగించేస్తారు. సాఫ్ట్‌వేర్ రాయబోతే రాయలేక ఆగిపోతుంది. ఆరు నెలల తర్వాత ఆఫీసు నెట్‌వర్క్ మారి యంత్రం పనిచేయనప్పుడు ఈ బిగింపు సంగతి ఎవరికీ గుర్తుండదు. చేతి దిద్దుబాటును ఆపడం చేతకాని వ్యవస్థలో మనుషులు చివరికి వ్యవస్థ చేతినే కట్టేస్తారు. ఈ రంగంలో ఎక్కువగా ఆలోచించాల్సిన విషయం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

హెచ్చరిక వాక్యం

అన్నిటికంటే చౌకైన నివారణ ఫైలు తలపై రాసే హెచ్చరిక. పాల్ విక్సీ 1987లో రాసిన క్రాన్ కార్యక్రమం, నిర్ణీత సమయాల్లో పనులు చేసే తన పట్టికల మీద, ఈ ఫైలును దిద్దవద్దు, అసలు ప్రతిని మార్చి తిరిగి ఎక్కించు అనే అర్థం వచ్చే లైను పెట్టింది. కంప్యూటర్ ఆన్ కాగానే ఏ వ్యవస్థ లేవాలో చూపించే గ్రబ్ కూడా అంతే. తన పెద్ద ఫైలు మొదట్లో దిద్దవద్దని చెప్పి, ఇది ఏ టెంప్లేట్ల నుంచి పుట్టిందో, ఏ చిన్న ఫైలు నుంచి సెట్టింగులు తీసుకుందో ఆ కిందనే చెబుతుంది. గ్రబ్ హెచ్చరిక మంచిది కావడానికి ఆ రెండో సగమే కారణం. ముట్టుకోవద్దని చెప్పి ఊరుకోకుండా ఎక్కడికి వెళ్లాలో చెబుతోంది. సొంతంగా ఒక ఎంట్రీ చేర్చుకోవాలనుకునేవారికి 40 కస్టమ్ అనే ఖాళీ ఫైలును కూడా ముందే పెట్టి ఉంచుతుంది.

పెద్ద సంస్థల్లో వందల సర్వర్లను ఒకే చోట నుంచి నడిపించే సాధనాలు వచ్చాక ఈ హెచ్చరికలు మరీ అవసరమయ్యాయి. మార్క్ బర్జెస్ 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో రాసిన సీఎఫ్‌ఇంజిన్ వీటిలో మొదటిది. 2005లో లూక్ కేనీస్ మొదలుపెట్టిన పపెట్, 2012లో మైకేల్ డిహాన్ తెచ్చిన ఆన్సిబుల్ ఆ దారిలోనివే. పపెట్ మామూలు అమరికలో అరగంటకోసారి ప్రతి సర్వరునూ చూసి, ఫైలు తాను చెప్పినట్టు లేకపోతే తిరిగి రాసేస్తుంది. అర్ధరాత్రి సర్వరు పడిపోయిందని లేచి ఒక అంకె మార్చి, పనిచేస్తోందని తృప్తిగా పడుకున్న ఇంజినీరుకు అరగంటలో మళ్లీ ఫోను వస్తుంది. అందుకే ఆన్సిబుల్ టెంప్లేట్లలో ఈ ఫైలు ఆన్సిబుల్ నిర్వహణలో ఉందని పై లైన్లో రాయించే ఏర్పాటు ప్రత్యేకంగా పెట్టారు.

తాళం, తనిఖీ

కొన్ని ఫైళ్లను మనిషే రాయాలి, కానీ ఒక్క అక్షరం తప్పినా యంత్రం చేతికి రాకుండా పోవచ్చు. పాస్‌వర్డ్ ఫైలు, ఎవరికి ఏ అధికారమో చెప్పే సుడోయర్స్ ఫైలు అలాంటివి. వీటికి వీపీడబ్ల్యూ, వీసుడో అనే ప్రత్యేక ఆదేశాలు ఉన్నాయి. సుడో కార్యక్రమాన్ని 1980 ప్రాంతంలో బఫెలోలోని స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ రాశారు. సుడోయర్స్ ఫైల్లో వ్యాకరణం తప్పితే పాత సుడో ఎవరినీ నమ్మేది కాదు, అందరినీ బయటే నిలబెట్టేది. తప్పు దిద్దడానికి అవసరమైన అధికారం కూడా ఆ సుడో నుంచే రావాలి కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోయేది.

వీసుడో పనితీరు దగ్గరగా చూడదగ్గది. మొదట ఫైలుకు తాళం వేస్తుంది, ఇద్దరు ఒకేసారి తెరవలేరు. తర్వాత అసలు ఫైలును కాకుండా దాని నకలును ఎడిటర్‌లో చూపిస్తుంది. రాసి మూసేశాక ఆ నకలును చదివి చూసి, సరిగా ఉంటేనే అసలు దాని స్థానంలో పెడుతుంది. తప్పుంటే ఏ లైన్లో ఉందో చూపించి, ఇప్పుడేం చేద్దాం అని అడుగుతుంది. మళ్లీ దిద్దడానికి ఒక అక్షరం, మార్పులు వదిలేసి బయటికి రావడానికి ఇంకో అక్షరం. తప్పుతోనే భద్రపరచాలనుకుంటే పెద్ద క్యూ కొట్టాలి, దాని పక్కన ప్రమాదం అని రాసి ఉంటుంది. ఆ మూడో దారిని మూసేయలేదు. మనిషికి తెలిసే చేస్తున్నాడన్న అవకాశం ఉంచి, వేలు జారి చేయకుండా మాత్రం పెద్దక్షరం పెట్టారు. చేతి దిద్దుబాటును గౌరవిస్తూనే అదుపులో పెట్టే పద్ధతికి ఇంతకంటే చక్కటి నమూనా దొరకదు.

పక్కన ఖాళీ చోటు

1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ లినక్స్, కాన్ఫిగరేషన్ ఫైళ్ల గురించి ఒక గట్టి నియమం రాసుకుంది: వాడుకరి చేసిన మార్పులు ప్యాకేజీ అప్‌గ్రేడ్‌లో చెరిగిపోకూడదు. మీరు మార్చిన ఫైలుకు కొత్త రూపం వస్తే, ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ ఆగి అడుగుతుంది. ప్యాకేజీ తెచ్చిన దాన్ని పెట్టనా, మీదే ఉంచనా, రెంటికీ తేడా చూపించనా అని. ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే మీదే ఉంచుతుంది. అప్పటికే ఉన్న చేతి మార్పుకు మొగ్గు ఇవ్వడమన్నది చిన్న నిర్ణయంలా కనిపిస్తుంది గానీ, దాని వల్లే లక్షలాది సర్వర్లు అప్‌గ్రేడ్ రాత్రుల్లో బతికి బయటపడ్డాయి. మన దేశంలో సీడాక్ తయారుచేసిన, తెలుగుతో సహా భారతీయ భాషల్లో పనిచేసే బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే.

జర్మనీ నుంచి వచ్చిన సుసె లినక్స్‌లో సుసెకాన్ఫిగ్ అనే కార్యక్రమం ఉండేది. తాను రాసిన ప్రతి ఫైలుకు ఒక గుర్తింపు సంఖ్య లెక్కగట్టి దాచుకునేది. తర్వాత ఆ సంఖ్య సరిపోలకపోతే మనిషి చెయ్యి పడిందని గ్రహించి, అసలు ఫైలును వదిలేసి, తన కొత్త రూపాన్ని పక్కన వేరే పేరుతో పెట్టేది. మర్యాదైన పద్ధతే, కానీ పక్కన పెట్టిన ఫైలును చూసేవారు తక్కువ. ఫైలు ఎవరి ఏలుబడిలో ఉందో తెలియని సందిగ్ధం అలాగే మిగిలేది.

ఇప్పుడు ఎక్కువగా స్థిరపడిన పద్ధతి ఒకే ఫైలును పంచుకోకుండా విడదీయడం. తయారీదారు రాసిన ఫైలు ఒక డైరెక్టరీలో ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. వాడుకరి మార్చదలచుకున్న రెండు లైన్లు మాత్రం ఇంకో డైరెక్టరీలో చిన్న ఫైలుగా ఉంటాయి. నడిచేటప్పుడు రెండూ కలిసి, వాడుకరి మాటే చివరి మాటగా చెల్లుతుంది. లినక్స్‌లో సేవలను నడిపించే, 2010లో వచ్చిన సిస్టమ్‌డీ దీన్ని అన్ని సేవలకూ పాటించింది. సిస్టమ్ సీటీఎల్ ఎడిట్ అంటే ఆ చిన్న ఫైలే తెరుచుకుంటుంది. నిక్స్ ఓఎస్ అనే లినక్స్ ఇంకా దూరం వెళ్లి, ఈటీసీలోని ఫైళ్లలో చాలావాటిని చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని గిడ్డంగికి లంకెలుగా మార్చేసింది. అక్కడ మనిషి మార్చాల్సిన ఫైలు ఒక్కటే, మిగతావన్నీ దాని నుంచి పుడతాయి. అంత కఠినమైన వ్యవస్థలోనూ ఆ ఒక్క ఫైలు పూర్తిగా మనిషిదే.

పహాణీలోని అనుభవదారు గడి చేసిన పనిని కంప్యూటర్లలో ఈ పక్క డైరెక్టరీ చేస్తోంది. మూల రికార్డుకు దెబ్బ తగలకుండా, నేల మీది వాస్తవం ఎక్కడో ఒకచోట నమోదవుతుంది.

ధరణి

భూమి రికార్డుల కంప్యూటరీకరణ మెల్లగానే సాగింది. రిజిస్ట్రేషన్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పథకం వచ్చింది. తర్వాత పహాణీ, వన్-బీ (హక్కుల రికార్డు) వివరాలు వెబ్‌ల్యాండ్‌కు ఎక్కాయి, మీసేవలో నకళ్లు దొరికాయి. 2017 సెప్టెంబరు 15న తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని భూములు పార్ట్-ఏ, తగాదా ఉన్నవి పార్ట్-బీ అన్నారు. పార్ట్-ఏలో ఉన్నవారికి తహసీల్దారు డిజిటల్ సంతకం పడి 2018లో కొత్త పాసుబుక్కులు వచ్చాయి. అదే ఏడాది మే 10న మొదలైన రైతుబంధు సాయం ఆ పాసుబుక్కుతోనే ముడిపడింది. పార్ట్-బీలో పడినవారికి పాసుబుక్కూ లేదు, సాయమూ లేదు. పాలమూరు వలస పేరు దేశమంతా తెలిసిందే. ముంబై, పుణె పనుల మీద కుటుంబాలకు కుటుంబాలే వెళ్లే ప్రాంతంలో, సిబ్బంది ఊరికొచ్చిన ఆ కొద్ది వారాల్లో ఇంటి దగ్గర లేకపోవడం అన్నది చాలామందికి ఎదురైన పరిస్థితి.

దానికి ముందే, 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. కల్వకుర్తి, వెల్దండ నాగర్‌కర్నూల్‌లో ఉంటే, అదే శాసనసభ నియోజకవర్గంలోని ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాయి. పాత పహాణీలు మహబూబ్‌నగర్ పేరు మీద, కొత్త అర్జీలు రెండు వేర్వేరు కలెక్టరేట్లకు.

2020 సెప్టెంబరు 7న వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ ఒక్కరోజులో స్వాధీనం చేసుకున్నారు. ఆ నెలలోనే వీఆర్వో పోస్టులు రద్దయ్యాయి, 1971 చట్టం స్థానంలో కొత్త పాసుపుస్తకాల చట్టం వచ్చింది. అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. స్లాట్ బుక్ చేసుకుని, వేలిముద్ర వేసి, తహసీల్దారు ముందే రిజిస్ట్రేషన్, వెంటనే మ్యుటేషన్. తగాదా లేని అమ్మకాలకు ఇది నిజంగా పెద్ద సదుపాయం. మ్యుటేషన్ కోసం నెలల తరబడి తిరిగిన రైతుకు అదే రోజు పాసుబుక్కులో పేరెక్కడం చిన్న సంగతి కాదు. పట్వారీ కాలపు కొట్టివేతలు ఇక కుదరవు. ఈ లక్ష్యాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

చిక్కంతా తప్పు దిద్దుకోవడంలో వచ్చింది. ప్రక్షాళనలో ఎక్కిన పొరపాటు, అది పేరులో అక్షరమైనా, రెండెకరాల పొలం రెండు గుంటలైనా, ధరణిలో అలాగే గడ్డకట్టింది. తహసీల్దారుకు దిద్దే అధికారం ఉండేది కాదు. చట్టంలో అప్పీలు లేదు, సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. అనుభవదారు గడిని తీసేశారు. మొదట్లో దిద్దుబాటుకు దరఖాస్తు చేసే మాడ్యూలే ఉండేది కాదు; ఒత్తిడి పెరిగాక ఒక్కొక్కటిగా చేర్చుతూ పోయారు. పాసుబుక్కు వివరాల సవరణకు వచ్చిన టీఎం-33 పేరు రైతుల నోట నానిపోయింది. ఏ సమస్యకు ఏ మాడ్యూలో తెలియక ఒకదాంట్లో పెడితే రిజెక్ట్ అయ్యేది, ఇంకోదాంట్లో పెడితే కలెక్టరు లాగిన్‌లో పెండింగ్ అని కనిపించేది.

రిజిస్ట్రేషన్ కుదరని భూముల నిషేధిత జాబితా బాధ ఇంకో రకం. ఒక సర్వే నంబరులో కొంత భాగం ప్రాజెక్టుకో రోడ్డుకో తీసుకుంటే, మిగిలిన పట్టా భూమితో సహా నంబరంతా జాబితాలో పడటం ధరణి మీద రాష్ట్రమంతా వినిపించిన ఫిర్యాదు. శ్రీశైలం వెనుక జలాల నుంచి నీళ్లు తెచ్చే మహాత్మాగాంధీ ఎత్తిపోతల పథకానికి కల్వకుర్తి పేరే ఉంది. కాలువల కోసం భూములిచ్చిన ఇలాంటి ప్రాంతాల్లో ఈ చిక్కు ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కర్లేదు. కాగితంలో సర్వే నంబరు పక్కన బై నంబరు వేసి నాలుగు గుంటలు పోయాయని రాస్తే తీరే విషయం, సాఫ్ట్‌వేర్‌లో నంబరు జాబితాలో ఉందా లేదా అన్న ఒకే ప్రశ్నగా మారిపోయింది.

రిజాల్వ్ డాట్ కాన్ఫ్ దగ్గర జరిగిందే ఇక్కడా జరిగింది. సరైన దారి కనిపించనప్పుడు మనుషులు పక్కదారులు వెతికారు. నెట్ సెంటర్ల చుట్టూ, దళారుల చుట్టూ తిరిగారు, హైకోర్టులో రిట్లు వేశారు. రికార్డులో పట్టాదారుగా మిగిలిపోయిన పాత యజమాని ఎప్పుడో అమ్మేసిన భూమిని మళ్లీ అమ్మిన సందర్భాలూ వార్తలకెక్కాయి. చేతిరాత పోయిన చోట నిజం తనంతట తాను వచ్చి కూర్చోదు. ఆ రోజు డేటాబేస్‌లో ఏది ఉంటే అదే సత్యమవుతుంది.

భూభారతి

2024 జనవరిలో ప్రభుత్వం కోదండరెడ్డి, రేమండ్ పీటర్, భూచట్టాల నిపుణుడు ఎం. సునీల్ కుమార్ తదితరులతో ధరణి మీద కమిటీ వేసింది. మధ్యంతర సూచనల మీద ఫిబ్రవరి 29న కొన్ని దిద్దుబాటు అధికారాలను కలెక్టర్ల నుంచి తహసీల్దార్లకు, ఆర్డీవోలకు దించారు. పోర్టల్ నిర్వహణ ఆ ఏడాది చివర్లో ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి మారింది. డిసెంబరులో శాసనసభ ఆమోదించిన తెలంగాణ భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో పుట్టిన ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆ రోజు హైదరాబాద్‌లో పోర్టల్‌ను ప్రారంభించారు. లింగంపేట, నేలకొండపల్లి, వెంకటాపూర్, మద్దూరు మండలాల్లో మొదట ప్రయోగాత్మకంగా నడిపి, జూన్‌లో రాష్ట్రమంతటా ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకున్నారు.

చట్టం తెచ్చిన అసలు మార్పు అప్పీలు. తహసీల్దారు ఆర్డరు నచ్చకపోతే ఆర్డీవో, అక్కడి నుంచి కలెక్టరు. రికార్డులో తప్పు దిద్దడానికి చట్టంలోనే ఒక సెక్షన్ ఉంది. వెల్దండలో గుంటలు తక్కువ పడిన రైతు అర్జీ ఇప్పుడు కల్వకుర్తి ఆర్డీవో ఆఫీసులో వినవచ్చు. రికార్డు ఇప్పటికీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, ఎవరూ కలంతో కొట్టేసి రాయలేరు. కానీ విచారణ జరిపి, రెండు వైపుల వారినీ విని, ఆర్డరు రాసి, ఆ ఆర్డరు ఆధారంగా మార్చే దారి తెరుచుకుంది. వీసుడో చేసే తనిఖీకి చట్టం భాషలో ఇది దగ్గరి రూపం. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులను నియమించి, ఊళ్లో రికార్డు సంగతి చూసే మనిషిని మళ్లీ పెట్టారు. కాగితానికీ పొలానికీ మధ్య తిరిగే మనిషి లేకుండా ఏ డేటాబేస్ అయినా నేలకు దూరమవుతుందని ఆ అయిదేళ్లు చూపించాయి.

సాదాబైనామాలు మిగిలాయి. తెల్లకాగితం మీద రాసుకుని, రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక ఆగిపోయిన చిన్న కొనుగోళ్లు ఇవి. 2014 జూన్ 2కు ముందు కొన్నవాటిని క్రమబద్ధం చేస్తామని 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తులు తీసుకుంటే దాదాపు తొమ్మిది లక్షలు వచ్చాయి. పాత చట్టం పోయి కొత్త చట్టంలో వాటికి చోటు లేకపోవడంతో హైకోర్టు స్టే ఇచ్చింది, కాగితాలు అలాగే ఉండిపోయాయి. భూభారతి చట్టంలో ఒక సెక్షన్ చేర్చాక 2025 ఆగస్టులో ఆ కేసు ముగిసి పరిశీలనకు దారి దొరికింది. పన్నెండేళ్లకు పైగా భూమి తమ అనుభవంలో ఉందని అర్జీదారు చూపించాలి. ధరణిలో అనుభవదారు గడి లేకుండా పోయింది కాబట్టి, అందుకు ఆధారం కోసం వాళ్లు ఇప్పుడు పాత చేతిరాత పహాణీల నకళ్లు తీయించుకుంటున్నారు.